వంచిన పళ్లెం

సూరయ్యకి కబురు అంది నెల దాటింది. కళింగపట్నం అవతలి పేట నుంచి ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగే మనిషి, గంప కిందికి దించకుండానే చెప్పేసింది. "దాలమ్మ సెప్పమంది బాబూ. మీ పుస్తకం మీరొచ్చి పట్టుకెల్లిపోవాలంట." నెత్తళ్లు కావాలా అని అడిగి, వద్దంటే ఆవిడ దారిన ఆవిడ వెళ్లిపోయింది.

అప్పటి నుంచి ఆయనకి రోజుకో సాకు దొరికింది. ఒకనాడు వాన. ఒకనాడు సైకిలు గొలుసు ఊడింది. ఇంకోనాడు ఒళ్లు వెచ్చబడింది. వెళ్లే మనసు లేనివాడికి దారి పొడుగునా గోతులే కనిపిస్తాయి. చివరికి భార్య గురమ్మే సైకిలు తీసి వాకిట్లో నిలబెట్టింది. "మొగుడు పోయిన మనిసి కబురెడితే ఇన్నాళ్లు కూకుంటావేటి? ఎల్లి రా. తిడితే తిట్టించుకో," అంది. ఆమెకి అసలు సంగతి తెలియదు. తెలియకుండా అన్నా, అన్న మాట సరిగ్గా తగలవలసిన చోటే తగిలింది.

పుస్తకమంటే బైబిలు. సూరయ్య ఉపదేశి. నరసన్నపేట నుంచి సముద్రం దాకా, ఊరికి నాలుగిళ్ల చొప్పున ఉన్న క్రైస్తవులకి ప్రార్థన చేయించడం, జబ్బు పడితే వెళ్లి కూర్చోవడం, పోతే పాతిపెట్టడం ఆయన పని. ఇరవై ఏళ్లుగా అదే పని. మొదట్లో కాళ్లకి రెక్కలుండేవి. ఇప్పుడున్నవి ఉత్త కాళ్లు, అవి కూడా వాచినవి. చెప్పిందే చెప్పి చెప్పి, తన గొంతు తనకే పక్కింటివాడి గొంతులా వినిపించే దాకా వచ్చింది. నమ్మకం పోయిందా అంటే పోలేదు. ఉందా అంటే, లోపలికెళ్లి వెతుక్కునే ఓపిక లేదు.

దాలమ్మ ఇంట్లో ఉన్న పుస్తకం ఆ చేపలవాళ్ల పేట మొత్తానికి ఒక్కటే. ఆదివారం సాయంత్రం ఆమె అరుగు మీదే పదిమందీ చేరేవాళ్లు. ఆ పుస్తకం గడప దాటితే పేటలో ప్రార్థన ఆగిపోయినట్టే. అంతవరకైతే సూరయ్య ఓర్చుకునేవాడు. కూడిన జనం చెదిరిపోవడం ఆయన చూడనిదేమీ కాదు. ఆయన్ని నెలరోజులు ఇంట్లో కట్టి పడేసింది వేరే భయం. దాలమ్మ ఏమడుగుతుందో ఆయనకి ముందే తెలుసు. ఆ చీటీలో ఉన్న మాట దేవుడు చెప్పిందా, నువ్వు చెప్పిందా అని అడుగుతుంది. దేవుడంటే దేవుడు అబద్ధమాడినట్టు. నేనంటే తను మోసగాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ చీటీ కథ ఇదీ. ఏటా జనవరి ఒకటో తారీకు పొద్దున్న ప్రార్థన అయ్యాక, సంఘంలో ప్రతి మనిషీ ఆ ఏటికి తన వాగ్దానం తీసుకోవడం అక్కడి ఆనవాయితీ. బైబిల్లోంచి మంచి మంచి మాటలు ఏరి, చిన్న చిన్న కాగితాల మీద సూరయ్యే రాస్తాడు. చుట్టలు చుట్టి పింగాణీ పళ్లెంలో పోస్తాడు. ఒక్కొక్కరూ వచ్చి, కళ్లు మూసుకుని, ఒకటి తీసుకుంటారు. ఎవరికి ఏది వస్తే అదే ఆ ఏడు దేవుడు వాళ్లతో అన్న మాట. ఇది జాతకం కాదర్రా, తాయెత్తు కాదర్రా అని సూరయ్య ఏటా చెబుతాడు. వాళ్లు బుద్ధిగా తలూపి, ఇంటికెళ్లి చీటీని చూరులో దోపుకుంటారు. ఆయన మాత్రం తక్కువ తిన్నాడా? ఏరడం దగ్గరే ఆయన చెయ్యి పక్షపాతం చేసేది. కాపాడతాను, విడిచిపెట్టను, శాంతినిస్తాను, ఇలాంటివన్నీ పళ్లెంలోకి వచ్చేవి. ఏడుపులూ, నిలదీతలూ పుస్తకంలోనే ఉండిపోయేవి. ఏడాది మొదటి పూట ఎవరి చేతిలోనైనా చేదు ఎలా పెడతాం?

ఆ ఏడు, అంటే అరవై ఎనిమిది జనవరిలో, దాలమ్మ మొగుడు గంగులు మంచాన పడి ఉన్నాడు. దగ్గితే రక్తం పడుతోంది. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని డాక్టరు చెప్పాడు. గంగులు చీటీ కూడా దాలమ్మే తియ్యాల్సి వచ్చింది. వరసలో ఆమె రావడం సూరయ్య చూశాడు. బిడ్డలు లేని మనిషి. ఉన్న ఒక్కడూ పోయేలా ఉన్నాడు. జాలిపడి తప్పు చేస్తున్నవాడికి చేస్తున్నది తప్పని కూడా తోచదు, అదే దాంతో వచ్చిన చిక్కు. తను ఎంచి ఉంచిన ఒక చీటీని బొటనవేలి కింద నొక్కిపట్టాడు. ఆమె చెయ్యి చాపగానే పళ్లెం కాస్త వంచాడు. తక్కినవన్నీ అవతలికి దొర్లాయి. ఇది ఆమె వేళ్ల కిందికి వచ్చింది.

నేను చావను, బతికి ఉండి దేవుడి పనులు చెప్పుకుంటాను అని అందులో ఉంది. దాలమ్మ కూడబలుక్కుని చదువుకుంది. సూరయ్య నేర్పిన అక్షరాలే. ఆమె మొహం తేరుకోవడం చూసి, ఆ పూట ఆయన అన్నం కూడా రుచిగా తిన్నాడు.

గంగులు ఆ చీటీ తలగడ కింద పెట్టుకుని, ఆసుపత్రికి రానని పట్టుబట్టాడు. దేవుడే చెప్పాక డాక్టరెందుకన్నాడు. ఎండలు ముదిరేసరికి పోయాడు. పాతిపెట్టిన రోజు సూరయ్య పుస్తకం తెరిచి ఏదో చదివాడు. ఏం చదివాడో ఆయనకే గుర్తులేదు. దాలమ్మ కేసి చూడకుండా సైకిలెక్కి వచ్చేశాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఆయన తొక్కనూ తొక్కాడు, కడుక్కోనూ లేదు, ఆ కాలితోనే ఇన్ని నెలలు ఊళ్లు తిరిగాడు.

పేట చేరేసరికి సముద్రం మీద మబ్బు కమ్ముకొస్తోంది. ఇసకలో ఎండేసిన చేపల్ని ఆడవాళ్లు గంపల్లోకి ఎత్తుతున్నారు. దాలమ్మ ఇంటి అరుగు మీద సోములు కూర్చుని, చిరిగిన వల కాలి బొటనవేలికి తగిలించి కుడుతున్నాడు. సోములు గంగులుకి అన్న. క్రైస్తవుడు కాదు. ఏటా గంగమ్మకి కోడిని కోస్తాడు. తమ్ముడు బాప్తిస్మం తీసుకుంటే అడ్డు చెప్పలేదు, అలాగని తనూ ఆ వైపు తొంగిచూడలేదు.

"ఒచ్చినావేటి పంతులూ. కూకో," అన్నాడు. "దాలమ్మ సేపలు ఎత్తడానికి ఎల్లినాది."

సూరయ్య అరుగు చివర కూర్చున్నాడు.

"ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు," అన్నాడు సోములు. "మీ పుస్తకం దేవుడు సెప్పినాదంటారు. ఆయనొచ్చి రాసినాడేటి?"

"ఆయన రాయలేదు. మనుషులే రాశారు. దేవుడు రాయించాడు."

"అంటే అమ్మోరు పూనినట్టా? పండగలో మా సిన్నాయన మీదకి గంగమ్మ ఒస్తాది. అప్పుడేటి సెప్పినాడో ఆడికే తెల్దు. మీ వోళ్లూ అలాగేనా?"

"అలా కాదు సోములూ. పూనకంలో మనిషి తనలో ఉండడు. వీళ్లు ఉన్నారు. గొర్రెలు కాసినవాడు గొర్రెల మాటే రాశాడు. వైద్యం తెలిసినవాడు వైద్యుడిలా రాశాడు. ఒకడు కోపిష్టి, వాడి కోపం కూడా అందులో తెలుస్తుంది. ఎవరి గొంతు వాళ్లదే. ఊపిరి మాత్రం దేవుడిది." సూరయ్య సముద్రం మీద కనిపిస్తున్న తెరచాప కేసి చెయ్యి చూపించాడు. "నువ్వు తెప్ప మీద తెరచాప ఎత్తుతావు. ఒడ్డుకి తెచ్చింది గాలా, నువ్వా?"

సోములు ఆలోచించాడు. "రెండూను."

"ఇదీ అంతే."

"బాగున్నాది," అని సోములు దారం పళ్లతో తెంపాడు. "మరి తెప్ప తిరగబడితే? అప్పుడు తప్పు గాలిదా, నాదా?"

ఆ ప్రశ్నకి సూరయ్య దగ్గరున్న జవాబు చెప్పేది కాదు. అందుకని బైబిలు బడిలో నేర్చుకున్న జవాబులు అందుకున్నాడు. వందల ఏళ్ల తేడాతో, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు రాసినా కథంతా ఒక్క దారినే నడిచిందన్నాడు. ముందు చెప్పినవి తర్వాత జరిగాయన్నాడు. యేసు తనే ఆ పాత రాతల్ని దేవుడి మాటగా ఎంచాడన్నాడు. వాటికోసం ప్రాణాలిచ్చినవాళ్లున్నారని, వాటివల్ల తాగుడు మానినవాళ్లు ఈ పేటలోనే ఉన్నారని అన్నాడు. ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ ఆయన నమ్మినవే. కానీ చెబుతుంటే, ఎవరో తడిబట్ట పిండి ఇచ్చి ఆరేయమంటే ఆరేస్తున్నట్టుంది ఆయనకి.

సోములు అన్నీ విన్నాడు. మధ్యలో ఎగతాళి చెయ్యలేదు. చివర్న, "ముందు సెప్పినవి తరవాత జరుగుతాయన్నావు గదా," అన్నాడు. "మా గంగులుకి సెప్పింది జరగనేదేటి?"

అప్పుడే దాలమ్మ చేపల గంప చంకన పెట్టుకుని వచ్చింది. సూరయ్యని చూసి ఆగలేదు. గంప లోపల దించి, చేతులు కడుక్కుని, చీర చెంగుకి తుడుచుకుని, బైబిలు పట్టుకుని బయటికొచ్చింది. గుమ్మానికి చేరగిలబడి కూర్చుంది. పుస్తకం మధ్యలో తాటాకు ముక్క ఒకటి గుర్తుగా పెట్టి ఉంది. మనిషి సగమైపోయింది.

"నెల కింద ఒచ్చుంటే ఇచ్చీసుందును," అంది. "నువ్వు రానేదు."

"రాలేకపోయాను దాలమ్మా."

"రానేదు," అంది మళ్లీ. సూరయ్య తల దించుకున్నాడు.

"ఆ సీటీ మాట ఇందులో ఉన్నాదా నేదా, సూడాలనిపించినాది. నేకపోతే నువ్వు కల్పించినావని తెలిసిపోతాది. అప్పుడు ఈ పుస్తకం నీ మొకం మీద కొట్టొచ్చు. ఏ పేజీయో తెల్దు. కీర్తనల్లో ఉన్నాదని నువ్వెప్పుడో అన్నావు. అందుకని మొదటి కీర్తన కాడినుంచి మొదలెట్టినాను. పొద్దున్నొకటి, మాపు రెండు. నా సదువు నీకు తెలుసు గదా."

సూరయ్యకి ఇక ఆగబుద్ధి కాలేదు. ధైర్యం వచ్చి కాదు, దాచే ఓపిక అయిపోయి. "దాలమ్మా, ఆ మాట ఉంది. కాని ఆ చీటీ నీకు..."

"తెలుసు," అంది దాలమ్మ. "పళ్లెం వంచినావు. నీ బొటనేలు నాను సూసినాను."

సోములు వల కుట్టడం మానేశాడు.

"అప్పుడే చూశావా?"

"కళ్లు మూసుకోమన్నావు. మొగుడు సచ్చిపోతంటే కళ్లెవులు మూసుకుంటారు?"

"మరి తెలిసీ ఎందుకు తీసుకున్నావు తల్లీ?"

"కావాల గనక," అంది. "ఆడికి సెప్పనేదు. ఆడు నిజంగా దేవుడే ఇచ్చినాడనుకున్నాడు. నాను నోరు మూసుకున్నాను. అందుకే నీ మీద అరవనేదు, నా నోరు నాకే రానేదు. నీ మీద కోపం మాత్రం ఉన్నాది సూరయ్య బాబూ. అది పోదు," అంది.

క్షమించమని అడగడం కూడా సూరయ్యకి ఆ పూట దొంగతనంలాగే అనిపించింది. గంగులు నవ్వు గుర్తొచ్చింది. తెప్ప దిగి, తడి చేతితోనే ఆయన చెయ్యి పట్టుకుని ఊపేవాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన వాటిని తుడుచుకోలేదు.

దాలమ్మ తాటాకు ముక్క ఉన్న చోట పుస్తకం తెరిచి ఆయన ఒళ్లో పెట్టింది. "నీ సీటీ మాట దాకా నాను ఎల్లనేదు. దారిలో ఇక్కడ ఆగిపోనాను. నాలుగు దినాలు ఇదే సదివినాను. నువ్వు సదువు. బావ ఇంటాడు."

ఎనభై ఎనిమిదో కీర్తన. సూరయ్య ఇరవై ఏళ్లలో దాని మీద ఒక్కసారి కూడా ప్రసంగం చెయ్యలేదు. చదవడం మొదలుపెట్టాడు. అందులో ఒక మనిషి రేయింబవళ్లు దేవుణ్ని పిలుస్తున్నాడు. నా ప్రాణం గోతి దాకా వచ్చిందంటున్నాడు. నన్ను అందులోకి తోసింది నువ్వేనంటున్నాడు. చచ్చినవాళ్లు లేచొచ్చి నిన్ను పొగుడుతారా అని అడుగుతున్నాడు. మొహం ఎందుకు తిప్పుకున్నావంటున్నాడు. నావాళ్లందరినీ నాకు దూరం చేశావు, ఇక నాకు తోడుంది చీకటొక్కటే అంటున్నాడు. అక్కడితో అయిపోయింది.

అలవాటు కొద్దీ సూరయ్య కింది వరస కోసం చూశాడు. ఇలాంటి కీర్తనలు ఎంత ఏడ్చినా చివర ఎక్కడో ఒకచోట మలుపు తిరిగి, అయినా నిన్నే స్తుతిస్తాను అంటాయి. ఇది అనలేదు. చీకటి దగ్గర వదిలేసి వెళ్లిపోయింది. కింద ఇంకో కీర్తన మొదలైంది.

"ఇది మీ దేవుడి పుస్తకంలోనే ఉన్నాదేటి?" అన్నాడు సోములు.

"అందులోనే ఉన్నాది బావా," అంది దాలమ్మ. "నా నోట్లో ఉన్న మాటలు ఎవుడో అంతకుముందే అనీసినాడు. దేవుడి మొకం మీదే అనీసినాడు." ఆమె సూరయ్య వైపు తిరిగింది. "నిన్నొకటి అడుగుతాను. ఈ పుస్తకం నీ సేతికిచ్చి, ఉంచాల్సినవి ఉంచి తీసెయ్యాల్సినవి తీసెయ్యమంటే, ఈ పేజీ ఉంచుతావా?"

సూరయ్యకి పళ్లెం గుర్తొచ్చింది.

"ఉంచవు. పళ్లెంలోనే ఎయ్యనేదు. నువ్వు మంచోడివే, మా మీద జాలున్నోడివే. అయినా ఉంచవు. మనిసి సేతిలో ఎడితే తీపి ఉంచుకుంటాడు, సేదు పారేస్తాడు. అది నువ్వే సూపించినావు. తనని తిట్టినోడి తిట్లు తన పుస్తకంలోనే దాసుకున్నాడంటే, ఆడు మనిసి కాడు. అందుకే ఈ పుస్తకం ఆయనదని నమ్ముతున్నాను. నీ మూలాన నమ్ముతున్నాను, అది నాకే సిరాకు."

ఇరవై ఏళ్ల ప్రసంగాలన్నీ సూరయ్య కళ్లముందు వరసగా నిలబడి, ఒకదాని వెనక ఒకటి కూర్చున్నాయి. ఆయనకి సిగ్గేసింది. సిగ్గుతో పాటు, చాలాకాలంగా ఎరగనిది, ఒంట్లో కొంచెం తేలికగా కూడా అనిపించింది. ఆ పుస్తకాన్ని తను మోస్తున్నాననుకున్నాడు ఇన్నాళ్లూ. తను దించినా అది కింద పడదని ఆ అరుగు మీద తెలిసింది.

దాలమ్మ రవికలోంచి చిన్న సంచీ తీసి, అందులోంచి చీటీ తీసింది. మడతల దగ్గర అరిగిపోయి ఉంది. గంగులు తలగడ కింద నలిగిన చీటీ. ఆయన చేతిలో పెట్టింది.

"పుస్తకం ఉండనీ. ఇది పట్టుకెల్లు. మాట ఆయనదే గాని, నాకిచ్చినోడివి నువ్వు. ఇది నీ కాడే ఉండాల."

సూరయ్య తీసుకున్నాడు.

"ఆదివారం రా," అంది. "అందర్నీ పిలుస్తాను. పుస్తకం తెరవక ముందు పళ్లెం సంగతి అందరికీ సెప్పు. తరవాతే తెరువు."

"చెబితే ఈ పేటలో నా మాట ఇంకెవరు వింటారు దాలమ్మా? సంఘం పెద్దలకి తెలిస్తే ఉపదేశిగా ఉండనిస్తారా?"

"అది నాకు తెల్దు. యేసు ఎనకాల తిరిగిన పేతురు మనలాగ తెప్ప మనిసే గదా. నిప్పు కాడ కూకుని, యేసెవరో నాకు తెల్దని ముమ్మారు అబద్ధమాడినాడని నువ్వే సెప్పినావు. అది దాయకుండా పుస్తకంలో రాసుంచినారు. పేతురిది పుస్తకంలో ఉండగా, నీది మా పేటలో ఉంటే ఏటి?"

సోములు వల మళ్లీ కాలికి తగిలించుకున్నాడు. "ఆదివారం నానూ వస్తాను పంతులూ," అన్నాడు. "దేవుడి కోసం కాదు. నువ్వు సెప్తావో నేదో సూడ్డానికి."

వాన మొదలైంది. సూరయ్య చీటీ జేబులో పెట్టుకుని, తడుస్తూనే ఇల్లు చేరాడు. ఆ సాయంత్రమే గురమ్మకి అంతా చెప్పాడు. ఆమె విని, "ఆ దాలమ్మ గుంట సెప్పినట్టు సెయ్యి," అని లేచి వెళ్లిపోయింది. రెండు రోజులు ఆయనకి అన్నం పెట్టింది గాని మాట పెట్టలేదు.

ఆదివారం సాయంత్రం దాలమ్మ అరుగు నిండింది. గంగులు పోయినప్పటి నుంచి రానివాళ్లు కూడా వచ్చారు. సోములు వాకిట్లో గొంతుక్కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. సూరయ్య సైకిలు వెనక కట్టి తెచ్చిన పింగాణీ పళ్లెం విప్పి, స్టూలు మీద బైబిలు పక్కన పెట్టాడు. జనవరి కాదు కదా, పళ్లెమెందుకని ఎవరో గుసగుసలాడారు. దాలమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది, తల తిప్పకుండా ఆయన్నే చూస్తోంది.

ఆయన పుస్తకం తెరవలేదు. కాసిని కాగితం ముక్కలు చుట్టి పళ్లెంలో వేశాడు. జేబులోంచి అరిగిన చీటీ తీసి, వాటితో పాటు పెట్టి, బొటనవేలితో నొక్కిపట్టాడు. పళ్లెం అందరికీ కనిపించేలా పైకెత్తాడు.

"గంగులు పేర చీటీ తీసిన నాడు," అన్నాడు, "ఇదిగో, ఇలా వంచాను."